దొంగ పిండిమంచు

మత్యాకూబ్ ఖర్బూజాను గింజలతో సహా మింగేస్తాడని బీకాజాన్ ఊరంతా చాటింది. అబద్ధం చెప్పే మనిషి కాదు కాబట్టి ఊరు నమ్మింది. పైగా ఆయన వియ్యంకుడు. వియ్యంకుడి గురించి ఇలాంటి మాట ఒకటి చేతిలో ఉంటే ఖారెజ్మ్ ప్రాంతంలో ఏ ఆడదీ ఊరికే వదిలిపెట్టదు.

సంగతి నిజంగానే జరిగింది, కొన్నేళ్ల కిందట. బీకాజాన్ కూతురు జుమగుల్‌ని మత్యాకూబ్ కొడుక్కి ఖాయం చేసుకున్న రోజున రొట్టె విరిచారు, టీ తాగారు, చివర్లో బీకాజాన్ తన తోట ఖర్బూజా కోసింది. ఆ ఇంట్లో ఖర్బూజాకు ఒక పద్ధతి ఉంది. తినేవాళ్ల ముందు తలా ఒక సాసరు పెడతారు, గింజలు అందులో ఉమ్మాలి, సాసర్లన్నీ మళ్లీ బీకాజాన్ చేతికి రావాలి. అతిథులు నవ్వుకుంటూనే ఉమ్మారు. మత్యాకూబ్ సాసరు మాత్రం తుడిచినట్టు ఉంది. గింజలేవి అన్నయ్యా అని ఆమె అడిగితే, ఇంత తీపి దాన్ని ఉమ్మడానికి మనసొప్పక మింగేశానన్నాడు. దవడ కాస్త ఉబ్బెత్తుగా ఉన్నట్టు అనిపించింది గానీ, పన్ను నొప్పేమో అనుకుని ఆమె పట్టించుకోలేదు.

ఆ గింజల మీద అంత కాపలా ఎందుకంటే, అవి ఆమె భర్తవి. ఒల్లబెర్గన్ బతికున్నంత కాలం ఒకే రకం ఖర్బూజాను సాకుతూ వచ్చాడు. పైకి బూడిద రంగు, గరుకు తోలు, లోపల తెల్లటి గుజ్జు, గింజల పక్కన నారింజ రంగు గీత. కత్తి మొన ఆనగానే కాయ దానంతటదే చివరిదాకా విచ్చుకునేది. అలా విచ్చుకోకపోతే ఆ కాయ గింజల్ని ఆయన విత్తనానికి ఉంచేవాడు కాదు. ఆయన పోయాక ఆ పని ఆమె చేస్తోంది. ఎవరు అడిగినా గింజ ఇవ్వలేదు. ఇస్తే భర్తను పంచిపెట్టినట్టుంటుందని ఆమెకు ఒక పిచ్చి అనుకోండి, ప్రేమ అనుకోండి, రెండూ ఉన్నాయి.

కిందటి చలికాలం ఎలకలు విత్తనాలు దాచిన సొరబుర్రకు కన్నం వేసి లోపలున్నది దాదాపు అంతా తినేశాయి. మిగిలింది గుప్పెడు. ఆ గుప్పెడూ ఈ వసంతంలో కాలువ పక్కన ఒకే వరసగా నాటింది. ఈ వరసలో కాయ పండి గింజ గట్టిపడితే ఒల్లబెర్గన్ ఖర్బూజా ఉంటుంది. లేకపోతే లేదు. అందుకే ఆ ఏడు ఆమె జుమగుల్‌కు పుట్టిన మనవడి మొహం కంటే ఆ ఆకుల మొహమే ఎక్కువ చూసింది.

పాదులు బ్రహ్మాండంగా అల్లుకున్నాయి. కాయలు పిడికిలంత అయ్యాయి. ఒక సాయంత్రం అవతలి గట్టు మీద మత్యాకూబ్ పార భుజాన వేసుకుని ఆగాడు. ఇద్దరి పొలాలకూ మధ్య ఒక పిల్లకాలువే అడ్డం.

"ఈ ఏడు మీ పాదులు ఏం పెరిగాయి చెల్లెమ్మా! ఇంత ఆకు నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు. అని, వెళ్లిపోయాడు.

మాషల్లా అనలేదు. పిల్లాణ్ణి మెచ్చుకున్నా, దూడను మెచ్చుకున్నా ఆ మాట తగిలించకుండా వెళ్లిపోవడం అక్కడ దిష్టి పెట్టి వెళ్లడమే. బీకాజాన్ కాసేపు ఎదురుచూసింది, మర్చిపోయి వెనక్కి వచ్చి అంటాడేమోనని. రాలేదు.

అదే వారం రాత్రులు ఎన్నడూ లేనంత చల్లబడ్డాయి, ఒకటి రెండు జల్లులు పడ్డాయి, పొద్దున్నే ఆకుల మీద నీళ్లు పోసినంత మంచు. ఆ వెంటనే ఆకుల మీద పసుపు మచ్చలు కనిపించాయి. బీకాజాన్ గుండె జారిపోయింది. ఇంకేముంది, ఇది మత్యాకూబ్ కళ్ల పనే అనుకుంది. దిష్టి తీసే ఇసిరిక్ మొక్క ఎండు రెమ్మలు పెనంలో వేసి పొగ పట్టుకుని వరస చివరిదాకా తిరిగింది. దిష్టి కడుక్కుపోవాలని సాయంత్రం సాయంత్రం బకెట్టుతో నీళ్లు తెచ్చి ఆకుల మీద చిలకరించింది. తడి ఎక్కువయ్యేకొద్దీ మచ్చలూ ఎక్కువయ్యాయి. మచ్చలు ఎక్కువయ్యేకొద్దీ ఆమె ఇంకా నీళ్లు చిలకరించింది.

అల్లుడి ఇంటికి రొట్టెలు పంపడం మానేసింది. ఎందుకమ్మా అని జుమగుల్ అడిగితే, మీ మామగారి కళ్లకు నా పొయ్యి కూడా ఆరిపోతుందేమోనని భయమే అంది. ఆ మాట సాయంత్రానికల్లా మత్యాకూబ్ చెవిన పడింది. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, గట్టు మీదికి రావడమే మానేశాడు. వచ్చినా మొహం కాలువ వైపు తిప్పుకుని నడిచాడు. మనవణ్ణి చూడకుండా రోజులు గడవడం బీకాజాన్‌కు కష్టంగానే ఉండేది. కానీ వెళ్తే ఓడిపోయినట్టు కాదూ?

చివరికి పొగతో లాభం లేదని ఒప్పుకుని షావత్ బజారుకు బయల్దేరింది. అక్కడ మొక్కల మందులమ్మే రెజప్ ఉన్నాడు. పొట్ట ముందూ తను వెనకా నడిచే మనిషి. ఎవరేం అడిగినా ముందు ఆకు చూపించమంటాడు.

"ఆకు తెచ్చావా అక్కా?"

"ఆకెందుకు? నోరుంది కదా. పిండిమంచు పట్టింది."

మన దగ్గర బూడిద తెగులు అనేదాన్ని వాళ్లు పిండిమంచు అంటారు. పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది కాబట్టి పేరు సరిపోయింది. చిక్కల్లా ఏమిటంటే వాళ్లకు ఇంకొకటి కూడా ఉంది, మనం బూజు తెగులు అనేది. దాన్ని వాళ్లు దొంగ పిండిమంచు అంటారు. చూడటానికి ఏదో పోలిక ఉంటుంది గానీ జాతి వేరు, మందు వేరు. అందుకే రెజప్ మామూలుగా అడిగే ప్రశ్న అడిగాడు.

"అసలుదా, దొంగదా?"

కొట్లో ఇంకా ఇద్దరు ముగ్గురు రైతులున్నారు. బీకాజాన్ వెన్ను నిటారుగా అయింది. తోటలో ఒల్లబెర్గన్ విత్తనం ఉన్న మనిషిని పట్టుకుని, పదిమందిలో దొంగదా అని అడుగుతాడా?

"మా ఇంట్లో దొంగది ఏదీ మొలవదు తమ్ముడూ. అసలుదే," అంది.

రెజప్ ఇంకో మాట అడగబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. మెత్తటి గంధకం పొట్లం కట్టి ఇచ్చాడు. ఎండలో వాడొద్దు, ఖర్బూజా ఆకు సున్నితం, మాడిపోతుంది, పొద్దు వాలాక పల్చగా కలిపి కొట్టమని మరీ మరీ చెప్పాడు. ఆమె విన్నది. విన్నది గానీ, పొద్దు వాలాక కొడితే అవతలి గట్టు వాళ్లకు కనిపించదు కదా. తన తోటకు ఖరీదైన మందు పడుతోందని, ఎవరి కళ్లూ దాన్నేం చేయలేవని మత్యాకూబ్ చూడాలి. మర్నాడు ఎండ బాగా ఎక్కాక, తలకు ఎర్ర రుమాలు కట్టుకుని, వరస ఈ చివరి నుంచి ఆ చివరికి చిక్కగా కలిపిన మందు కొట్టింది. మత్యాకూబ్ చూశాడు కూడా. తన పార ఆపి చాలాసేపు చూశాడు.

తెగులు చావలేదు. పైగా బాగున్న ఆకులు కూడా అంచులు మాడి ముడుచుకున్నాయి. వారం తిరక్కుండానే వరసంతా కాలిన కాగితం చుట్టలు పరిచినట్టు తయారైంది. ఆకుల నీడ పోయి, పిడికిలంత కాయలు ఎండలో బిక్కమొహం వేశాయి. బీకాజాన్ వాటి మధ్య కూర్చుని ఏడ్చింది. భర్త పోయిన రోజు వచ్చిన ఏడుపే మళ్లీ వచ్చింది. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు, ఈసారి ఎవరూ లేరు.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. కోపంలో ఆమె ఎప్పుడూ బాగానే నడుస్తుంది. ఒక ఆకు తెంపి తలరుమాలు అంచున ముడేసుకుని, పొద్దున్నే రెజప్ కొట్లో దిగింది. నువ్వు దొంగ మందు అమ్మావు, నా ఇల్లు కూల్చావు, ఆ పొట్ట ఇలాంటి డబ్బుతోనే పెంచావు అని మొదలుపెట్టి, ఊపిరి ఉన్నంతసేపూ తిట్టింది. ఆమె ముడి విప్పి ఆకును బల్ల మీద పడేశాక, రెజప్ దాన్ని తీసుకుని తిరగేశాడు. వెలుతురులో పెట్టి ఆమె ముక్కు దగ్గరికి తెచ్చాడు.

ఆకు పైన పసుపు మచ్చలు గుండ్రంగా లేవు. ఆకు ఈనెల నడుమ గళ్లు గళ్లుగా, పేర్చిన పెంకుల్లా మూలలతో ఉన్నాయి. ఆకు అడుగున, సరిగ్గా ఆ గళ్ల కింద, బూడిదకూ ఊదాకూ మధ్య రంగులో సన్నటి బూజు పట్టి ఉంది.

"మందు అసలుదే అక్కా," అన్నాడు రెజప్. "నీ తెగులే దొంగది."

బీకాజాన్ ఆకును లాక్కుని తనే తిరగేసి చూసింది. ఆమె మొహం చూసి కూడా రెజప్ నవ్వలేదు. కుర్చీ వేసి, టీ పోసి, మెల్లిగా చెప్పాడు. అసలుది ఆకు మీద గుండ్రంగా తెల్ల మచ్చలు వేస్తుంది, వేలితో రాస్తే పిండిలా అంటుకుంటుంది, ఎండా పొడీ ఉన్నప్పుడు వస్తుంది, దానికి గంధకం. దొంగది తడిలో పుడుతుంది, పైన పసుపు గళ్లు వేసి కింద దాక్కుంటుంది, పొద్దున్నే మంచు ఆరకముందు ఆకు తిరగేస్తే దొరుకుతుంది. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు, అదీ ఆకు అడుగున తగిలేటట్టు, తెగులు తలెత్తగానే. పట్టిన ఆకులు తీసి కాల్చెయ్యాలి. నీళ్లు కాలవలో పారించాలి గానీ ఆకుల మీద పడనివ్వకూడదు.

"చిలకరిస్తే?" అంది బీకాజాన్, చిన్న గొంతుతో.

"చిలకరిస్తే దానికి పెళ్లి చేసినట్టే. ఎందుకు, చిలకరించావా?"

ఆమె టీ కప్పులోకి చూసింది. రెజప్ మాట మార్చి, ఇది గాలిలో ఎగురుతుంది కాబట్టి పక్క పొలాలవాళ్లకు చెప్పమన్నాడు. పక్క పొలం ఎవరిదో ఆమె చెప్పలేదు.

మైలుతుత్తం తెచ్చి కొట్టింది గానీ ఆలస్యమైపోయింది. ఆకు లేనిదే కాయకు తీపి ఎక్కడిది? కాయలు ఒక్కొక్కటే మెత్తబడి తొడిమ దగ్గర ఊడిపోయాయి. అన్నిటికంటే పెద్దదాన్ని చివరిదాకా ఉంచి కోసింది. కత్తి ఆనితే విచ్చుకోలేదు, నొక్కాల్సి వచ్చింది. లోపల గింజలు తెల్లగా, పల్చగా, గోటితో నొక్కితే ఉత్త తోలు. పప్పు లేదు. సాసరులో కాసిని పోసి చూసుకుని, కోళ్లకు వేసేసింది. ఒల్లబెర్గన్ ఖర్బూజా అక్కడితో అయిపోయిందనుకుంది.

ఆ మర్నాడు ఖాళీ వరసను పీకేయడానికి పొద్దున్నే పొలానికి వెళ్లింది. అలవాటు కొద్దీ అవతలి గట్టు వైపు చూసింది. మత్యాకూబ్ ఆ ఏడు గట్టుకు ఆనుకునే ఖర్బూజా వేశాడు, ఏదో బజారు విత్తనం అని చెప్పుకున్నాడు. మూడు వైపులా జొన్న దట్టంగా వేసి, కాయలన్నిటినీ గడ్డితో కప్పి, చంటిపిల్లల్లా సాకుతున్నాడు. ఆ ఆకుల మీద, అక్కడక్కడా, పసుపు గళ్లు.

బీకాజాన్ ఎవరికీ చెప్పని ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ముందు ఆమెకు కొంచెం సంతోషం కలిగింది. కొంచెమే, ఒక గుటక టీ అంత. తరవాత రెజప్ మాట గుర్తొచ్చింది, గాలిలో ఎగురుతుందని. గాలి ఇటు నుంచి అటు వీస్తోంది. దిష్టి అటు నుంచి ఇటు రాలేదు, తెగులే ఇటు నుంచి అటు వెళ్లింది. బకెట్టు బకెట్టు నీళ్లు పోసి తనే పెంచి పంపింది. తల కొట్టేసినట్టయింది.

అంతలో జొన్న వెనక నుంచి మత్యాకూబ్ వచ్చాడు. చేతిలో మందు డబ్బా, వీపున పంపు. డబ్బా మీది పసుపు బొమ్మను రెజప్ కొట్లో చూసింది కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టింది. గంధకం. వియ్యపురాలు ఏ మందు కొట్టిందో చూసి అదే కొనుక్కొచ్చాడన్నమాట. ఆమె ఆకులు మాడింది ఆ మందువల్లేనని ఆయనకేం తెలుసు? ఎండ అప్పటికే ఎక్కుతోంది.

గౌరవం పోతే పోయిందనుకుని బీకాజాన్ పిల్లకాలువలోకి దిగింది. మోకాళ్ల దాకా తడిసి అవతలి గట్టు ఎక్కింది.

"అన్నయ్యా, అది కొట్టొద్దు. మీది దొంగది."

మత్యాకూబ్ చెయ్యి టక్కున ఆగిపోయింది. మొహం పాలిపోయింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, పాదులకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరో చెప్పడమేంటి, చూస్తే తెలీదా? నా కళ్లతో చూశాను."

"దూరం నుంచి చూసి ఎలా తెలిసింది చెల్లెమ్మా?"

"ఆకు చూస్తే తెలుస్తుంది. పసుపు గళ్లున్నాయి. దొంగ పిండిమంచు."

"ఓ," అన్నాడు మత్యాకూబ్. "పిండిమంచా." ఆయన ఊపిరి పీల్చుకోవడం ఆమెకు వినబడింది. తెగులు పట్టిందని చెబితే ఇంత హాయిగా ఊపిరి పీల్చుకునే రైతును ఆమె చూడలేదు.

రెజప్ చెప్పినదంతా చెప్పింది, ఎండలో గంధకం కొట్టి తను కాల్చుకున్నదీ చెప్పింది. చిలకరించిన సంగతి మాత్రం కాస్త నసిగింది. తన పొలం నుంచే వచ్చి ఉంటుందని, దిష్టి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క గుక్కలో చెప్పేసింది. చెడ్డ ఆకులు తెంపుదామని ముందుకు వంగితే మత్యాకూబ్ రెండు చేతులూ చాచి ఆపాడు. వద్దు, నేనే తెంపుకుంటాను, మీరు గట్టు మీదే ఉండండి అన్నాడు. గడ్డి కప్పిన కాయ దరిదాపులకు కూడా రానివ్వలేదు. నా కళ్లంటే ఈయనకు భయం పట్టుకుంది, పడాల్సిందే నాకు అనుకుని ఆమె గట్టు మీద కూర్చుంది. కూర్చున్నా నోరు ఊరుకుంటుందా? ఆ ఆకు తియ్యి, ఈ ఆకు తిరగెయ్యి, అది మంచిదే దాన్నెందుకు పీకుతావ్ అని సేనానిలా ఆజ్ఞలు వేసింది. ప్రతి ఆజ్ఞ చివరా దిష్టి తగలకుండా మాషల్లా అంది. ఆయన కూడా మాషల్లా అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఈ వియ్యంకులిద్దరూ పొలంలో ప్రార్థన చేస్తున్నారా అని అడిగి మరీ పోయారు.

తెంపిన ఆకులు కాల్చారు. సాయంత్రం మైలుతుత్తం, సున్నం ఎలా కలపాలో ఆమె గట్టు మీంచే చూపించింది. ఆకుల అడుగున కొట్టించింది. రోజూ పొద్దున్నే మంచు ఆరకముందు వచ్చి, ఆకులు తిరగేసి చూపించమనేది. ఆయన చూపించేవాడు. కొత్త గళ్లు రావడం తగ్గింది, తరవాత ఆగింది. పక్కనే తన ఖాళీ వరస కనబడుతుంటే ఆమెకు గుండె కలుక్కుమనేది. అయినా ఎవరిదో ఒకరిది బతికిందిలే అనుకునేది. మళ్లీ రొట్టెలు పంపడం మొదలుపెట్టింది, రొట్టెల వెనకే తనూ వెళ్లి మనవణ్ణి ఎత్తుకుంది.

ఖర్బూజాలు పండే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం మత్యాకూబ్ ఒంటరిగా బీకాజాన్ ఇంటికి వచ్చాడు. నడుముకు కట్టుకునే బట్ట విప్పి అందులో ఏదో మూట కట్టుకుని, గుండెకు ఆనించి తెచ్చాడు. టీ ఇస్తే తాగలేదు. కూర్చోమంటే కూర్చున్నాడు గానీ, పరీక్షకు వచ్చిన పిల్లాడిలా అంచున కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నేను మింగలేదు," అన్నాడు.

"ఏం మింగలేదు?"

"అప్పుడు. గింజలు. దవడలో దాచుకున్నాను."

మూట విప్పాడు. బూడిద రంగు, గరుకు తోలు. బీకాజాన్ గుర్తుపట్టింది, కానీ నమ్మలేదు. లేచి కత్తి తెచ్చింది. మొనను కాయ తల మీద ఊరికే ఆనించింది. చిటుక్కుమంది. కత్తి కదలకముందే కాయ చివరిదాకా విచ్చుకుంది. తెల్లటి గుజ్జు, నారింజ గీత, పప్పు నిండిన గట్టి గింజలు. ఆ వాసనకు ఒల్లబెర్గన్ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడా అనిపించి ఆమె అటు తిరిగి చూసింది కూడా.

మత్యాకూబ్ తల దించుకుని చెప్పుకుపోతున్నాడు. ఆ గింజల్ని నశ్యం బుర్రలో దాచాడట. ప్రతి వసంతం నాటుదామనుకోవడం, ఈమె నోరు గుర్తొచ్చి మళ్లీ మూత పెట్టడం. మీ విత్తనాలు ఎలకలు తినేశాయని కోడలు చెప్పాక మాత్రం ఆగలేకపోయాడు. మీవి బతికితే నావి పీకేద్దామనుకున్నాను, అల్లా మీద ఒట్టు అన్నాడు. ఆ రోజు మీరు కాలువ దాటి వచ్చి మీది దొంగది అంటే నా ప్రాణం పోయింది అన్నాడు.

బీకాజాన్ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే తిట్టింది. ఇన్నేళ్లు నిన్ను గింజలు మింగే మనిషివని ఊరంతా చెప్పాను, నన్ను అబద్ధాలకోరును చేశావు కదయ్యా అంది. ఆ తిట్టులో ఎంత సంతోషం ఉందో ఆయనకు అర్థమై, టీ కప్పు వైపు చెయ్యి చాపాడు.

"దొంగ," అంది ఆమె. "పచ్చి దొంగ. తిను."

పెద్ద ముక్క కోసి ఆయన ముందు పెట్టింది, పక్కనే సాసరు పెట్టింది. ఆయన బుద్ధిగా తిన్నాడు. బీకాజాన్ ఆయన దవడ వంక చూస్తూ కూర్చుంది. ఒక్క గుప్పెడుగా, ఒక్క బుర్రలో, ఒక్క ఇంట్లో ఆ గింజలుంటే ఏమైందో ఆమెకు ఇప్పుడు తెలుసు. ఇవిగో తీసుకో అని ఆయన చేతిలో పెట్టడానికి మాత్రం నోరు ఇంకా పెగల్లేదు.

గింజలు ఉమ్మే వేళకు, టీ చల్లారిపోయిందని సణుగుతూ లేచి, కెటిల్ వైపు మొహం తిప్పుకుంది. కావాలనే చాలాసేపు అటే తిరిగి నిలబడింది.